ఆరు నెలలు టీబీ మందులు మింగిన మెడ బిళ్ళ: ఒక థైరాయిడ్ క్యాన్సర్ కేసు

ఆమె వయసు 33. నరసాపురం దగ్గర పల్లె. ఇంట్లో లేసు అల్లుతుంది, భర్త రొయ్యల చెరువు మీద మేత పని చూస్తాడు, ఏడేళ్ళ పాప ఉంది. నా దగ్గరికి వచ్చేటప్పటికి చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవర్లో మూడు థైరాయిడ్ రక్త పరీక్షల రిపోర్టులు, ఒక ఛాతీ ఎక్స్‌రే, ఆరు నెలల టీబీ మందుల చీటీలు ఉన్నాయి. మెడకి కుడి పక్కన, చెవి వెనక నుంచి ఏటవాలుగా కిందికి దిగే కండరం అంచున ఒక బిళ్ళ ఉంది. ఆ కవరంతా బల్ల మీద పోసి వెతికాను, సూది పరీక్ష రిపోర్టు మాత్రం ఎక్కడా లేదు.

నేను పాలకొల్లులో ఈఎన్‌టీ డాక్టర్ని, మెడ ఆపరేషన్లు ఎక్కువగా చేస్తాను. ఈ కేసు రాస్తానని ఆమెని అడిగాను, రాయమంది. ఆమెని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇలాంటి కవరుతో వచ్చేవాళ్ళు ఈమె ఒక్కతే కాదు కాబట్టే రాస్తున్నాను. మెడలో గడ్డ కనపడగానే మన వైపు జరిగే మొదటి పని "థైరాయిడ్ టెస్టు" చేయించడం, అది నార్మల్ అని రాగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్ళిపోవడం. గడ్డ ఏమిటో ఆ టెస్టు చెప్పదు. ఆ ఒక్క మాట కోసమే ఈ కేసు మొత్తం చెప్తున్నాను.

మొదట ఆ బిళ్ళ చూసింది ఆమె కాదు, పాప. తల దువ్వుతుంటే "అమ్మా, ఇక్కడ ఉసిరికాయ ఉంది" అందట. నొప్పి లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. రెండు నెలలు పట్టించుకోలేదు. అత్తగారు ఎవరో చెప్తే ఆకు పసరు పట్టు వేయించింది. తర్వాత ఒక చోట చూపించుకుంటే ఎక్స్‌రే తీశారు, అందులో ఏమీ లేదు, అయినా మెడ బిళ్ళలు మన దేశంలో ఎక్కువగా టీబీవే అని మందులు మొదలుపెట్టారు. ఆ ఆలోచన తప్పని నేను అనను. మెడలో నెలల తరబడి నిలిచిపోయిన బిళ్ళ చూస్తే నాకూ మొదట తోచేది టీబీనే. అయితే టీబీ అనుకున్నప్పుడు కూడా సూది పెట్టి తీసి చూడాలి కదా. ఆ నీరు, ఆ కణాలు ల్యాబుకి పంపితే టీబీకి ఉండే కణాల ముద్దలు కనపడతాయి, అదే నమూనాని సీబీనాట్ యంత్రంలో పెడితే టీబీ క్రిమి ఉందో లేదో, మందుకి లొంగేదో కాదో కూడా చెప్తుంది. అది చేయకుండా ఆరు నెలలు ఎర్రటి మూత్రం, కీళ్ళ నొప్పులు, పొద్దున్నే వికారం ఆమె చేత భరింపజేశారు. బిళ్ళ మాత్రం అంగుళానికి కాస్త తక్కువ, ముందు ఎంతుందో అంతే ఉంది. "ఇంకో మూడు నెలలు వాడమన్నారండి" అని వచ్చింది.

గదిలోకి వచ్చి కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట, "థైరాయిడ్ మాత్రం నార్మలేనండి, మూడుసార్లు చేయించాం."

ఆ మాట విన్నప్పుడల్లా నేను చేసే పని ఒకటే, గ్లాసుడు మంచినీళ్ళు ఇస్తాను. గుటక వేయమని మెడ మీదే చూపు పెడతాను. థైరాయిడ్ గ్రంథి గొంతు గొట్టానికి అతుక్కుని ఉంటుంది, అందుకే మింగినప్పుడు దానితో పాటు పైకి లేచి దిగుతుంది. ఆమె మింగింది. పక్కనున్న బిళ్ళ కదల్లేదు. కానీ మెడ మధ్యలో, కుడి వైపున, వేలి కొన కింద శనగ గింజ కంటే కాస్త పెద్దగా గట్టిగా ఒకటి పైకి లేచి మళ్ళీ కిందికి జారింది. ఆమె వేలు తీసుకుని అక్కడే పెట్టి ఇంకో గుటక వేయించాను. అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్న మనిషి ఒక్కసారి ఆగిపోయింది.

పక్కన బిళ్ళ, మధ్యలో కణితి. రెండూ ఒకే కథ కావచ్చు. థైరాయిడ్‌లో పుట్టిన పాపిల్లరీ క్యాన్సర్ చాలాసార్లు అసలు కణితి చిన్నగా ఉండగానే మెడ పక్కన ఉన్న లింఫ్ గ్రంథుల్లోకి చేరుతుంది, అక్కడ పెరిగి ముందుగా కంటికి కనపడుతుంది. పాత రోజుల్లో సర్జన్లు ఇలాంటి బిళ్ళ తీసి పరీక్షకి పంపితే అందులో థైరాయిడ్ కణజాలం కనపడేది, అది పుట్టుకతోనే దారి తప్పి పక్కకి వెళ్ళిన థైరాయిడ్ ముక్క అనుకునేవారు. తర్వాత తెలిసింది, అది పాకిన క్యాన్సర్ అని.

"థైరాయిడ్ టెస్టు"లో ముఖ్యంగా చూసే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చేత పని చేయించే హార్మోన్) విషయం ఇక్కడే చెప్పేస్తాను. ఆ రక్త పరీక్ష చెప్పేది గ్రంథి హార్మోన్ సరిపడా తయారు చేస్తోందా లేదా అన్నదే. క్యాన్సర్ కణితి ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది, ఎందుకంటే మిగతా గ్రంథి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. వాళ్ళాయనకి ఇలా చెప్పాను: చేను బాగా పండుతోందంటే గట్టులో ఎలక బొరియ లేదని కాదు కదా. ఆయన వెంటనే "ఆయ్, అర్థమైందండి" అన్నాడు. టీఎస్‌హెచ్ అక్కర్లేదని కాదు, గడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ చేయించాలి. అది బాగా తక్కువగా ఉంటే గడ్డే ఎక్కువ హార్మోన్ తయారు చేస్తూ ఉండొచ్చు, అలాంటివి క్యాన్సర్ అవడం అరుదు. దాని పని అంతవరకే.

స్కాన్, సూది

మెడ అల్ట్రాసౌండ్ అదే రోజు చేయించాం. కుడి లోబ్‌లో 1.4 సెంటీమీటర్ల కణితి, చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా, అంచులు గరుకుగా, లోపల ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. ఈ నాలుగూ అనుమానం పెంచే లక్షణాలే. రేడియాలజిస్టులు వీటికి మార్కులు వేసి టైరాడ్స్ అని ఒకటి నుంచి ఐదు దాకా తరగతి ఇస్తారు, ఈమెది ఐదు. ఐదో తరగతిలో ఒక సెంటీమీటరు దాటితే సూది పరీక్ష చేయాలి. మూడో తరగతిలో అయితే రెండున్నర సెంటీమీటర్లు దాటేదాకా సూది అక్కర్లేదు, కాబట్టి స్కాన్‌లో "నాడ్యూల్" అనే మాట చూసి అందరూ గుండెలు బాదుకోనక్కర్లేదు. థైరాయిడ్ గడ్డల్లో క్యాన్సర్ తేలేవి నూటికి పది అటూ ఇటూగానే, మిగిలినవన్నీ మామూలువే. ఇక పక్క బిళ్ళ 2.4 సెంటీమీటర్లు, సగం నీరు, సగం గట్టి భాగం, అందులోనూ అవే తెల్ల చుక్కలు.

సూది అనగానే అత్తగారు లేచి నిలబడింది. "వద్దు బాబూ, కెలికితే పాకిపోద్ది. మా ఊళ్ళో ఒకావిడకి సూది పెట్టాకే ముదిరింది." ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను, ఎందుకంటే ఆవిడ చెప్పిన మనిషి నిజంగానే ఉండి ఉంటుంది. సూది పెట్టేసరికే ముదిరిపోయిన జబ్బు అయ్యుంటుంది, జనానికి గుర్తుండేది మాత్రం సూదే. "మామ్మగారూ, ఇది రక్తం తీసే సూది కంటే సన్నం. థైరాయిడ్‌లో సూది దారి వెంట జబ్బు పాకడం చాలా చాలా అరుదు. తెలుసుకోకుండా ఆపరేషన్ చేస్తే మాత్రం తప్పుడు ఆపరేషన్ చేస్తాను" అని చెప్పాను. కాసేపు కోడలి మొహం చూసింది, కూర్చుంది.

పక్క బిళ్ళలో సూది పెట్టి లాగితే సిరంజిలోకి వచ్చింది ముదురు గోధుమ రంగు నీరు, అచ్చం బెల్లం పాకంలా. ఆ రంగు చూశాక నాకు టీబీ ఆలోచన పోయింది. టీబీ అయితే చీములా, పెరుగు విరిగినట్టు వస్తుంది. స్లైడ్లు చేశాక ఖాళీ అయిన ఆ సూదినే ఒక మిల్లీలీటరు సెలైన్‌తో కడిగి ఆ నీళ్ళు థైరోగ్లోబ్యులిన్ పరీక్షకి పంపించాం. థైరోగ్లోబ్యులిన్ థైరాయిడ్ కణాలు మాత్రమే తయారు చేసే ప్రోటీన్, మెడ పక్కనున్న లింఫ్ గ్రంథిలో అది ఉండాల్సిన పనే లేదు. నీటి బిళ్ళల్లో స్లైడ్ మీద కణాలు సరిగ్గా దొరక్కపోవచ్చు, అప్పుడు ఈ కడిగిన నీళ్ళే నిజం చెప్తాయి. ఖర్చు పెద్దగా పెరగదు, సూది మళ్ళీ గుచ్చక్కర్లేదు. చిన్న ఊళ్ళలో పనిచేసే తోటి డాక్టర్లకి ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఐదో రోజు రిపోర్టులు వచ్చాయి. గ్రంథిలో కణితి సూది రిపోర్టులకి వేసే బెథెస్డా తరగతుల్లో ఆరు, అంటే క్యాన్సరే, పాపిల్లరీ రకం. కడిగిన నీళ్ళలో థైరోగ్లోబ్యులిన్ విపరీతంగా ఎక్కువ.

చెప్పడం

ఇక్కడ నేను ఒక మాట మానేశాను. పాపిల్లరీ అనగానే "ఇది మంచి క్యాన్సరమ్మా, ఏం కాదు" అనడం మాలో చాలామందికి అలవాటు, ఒకప్పుడు నేనూ అనేవాణ్ణి. ధైర్యం చెప్పాలనే అంటాం. కానీ విన్నవాళ్ళకి ఏడవడానికి కూడా హక్కు లేనట్టు అయిపోతుంది. పైగా మంచిదే కదా అని మందులు మానేస్తారు, పరీక్షలకి రారు. అందుకే ఈమెకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: థైరాయిడ్ క్యాన్సర్లలో పదింట ఎనిమిది ఇదే రకం, మెల్లగా పెరుగుతుంది, పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభై మంది పైనే బతికి ఉంటారు, కానీ మెడలో మళ్ళీ కనిపించే వీలుంది కాబట్టి జీవితాంతం చూపించుకోవాలి. ఆమె వింటూ చేతిలో ఉన్న రుమాలు అంచు మడుస్తూ విప్పుతూ ఉంది. తర్వాత అడిగింది, "పాపకి వస్తదా అండి?"

పాపిల్లరీ చాలావరకు వంశంలో వచ్చేది కాదు, కుటుంబాల్లో కనపడేది కొద్దిమందికే. అదే మెడుల్లరీ రకం అయితే లెక్క మారుతుంది. అది థైరాయిడ్‌లోనే వేరే కణాల నుంచి పుడుతుంది, కాల్సిటోనిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అలాంటి రోగుల్లో నలుగురిలో ఒకరికి రెట్ అనే జన్యువులో మార్పు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. అప్పుడు పిల్లలకి కూడా జన్యు పరీక్ష చేయించాలి. ఈమెది అది కాదు కాబట్టి పాపకి పరీక్షలేమీ అక్కర్లేదన్నాను. అప్పుడు ఏడ్చింది.

భర్త అడిగింది వేరు. "చెరువుల్లో కొట్టే మందుల వల్లా అండి?" డెల్టాలో ప్రతి జబ్బుకీ ఈ ప్రశ్న వస్తుంది, రావడం న్యాయమే. ఈ క్యాన్సర్‌కి గట్టిగా రుజువైన కారణం చిన్న వయసులో మెడకి రేడియేషన్ తగలడం. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఆ చుట్టుపక్కల పిల్లల్లో ఈ పాపిల్లరీ రకమే పెరిగింది, రేడియోధార్మిక అయోడిన్ కలిసిన పాలు తాగడం వల్ల. ఇక ఆడవాళ్ళలో మగవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చాలామందిలో మాత్రం ఫలానా దాని వల్ల అని వేలు చూపించడానికి ఏమీ దొరకదు. ఆమె తిన్నదాని వల్లో, చేసినదాని వల్లో కాదని అత్తగారి ముందే రెండుసార్లు చెప్పాను, అది కావాలనే చెప్పాను.

ఆపరేషన్, ఆ తర్వాత నాలుగో రోజు

ముందు సన్న గొట్టంతో స్వరపేటిక చూశాం, రెండు స్వర తీగలూ కదులుతున్నాయి. ఇది ఆపరేషన్‌కి ముందు తప్పకుండా చూడాలి, ఎందుకంటే స్వరపేటికని కదిలించే నరం థైరాయిడ్ వెనకే పోతుంది. భీమవరంలో ఆపరేషన్ చేశాం. అందరూ ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో ఖర్చు గడిచింది. థైరాయిడ్ మొత్తం, మధ్య మెడలోని లింఫ్ గ్రంథులు, కుడి పక్కన లింఫ్ గ్రంథులు తీశాం. జబ్బు థైరాయిడ్ దాటని చిన్న కణితులకి ఒక వైపు తీస్తే చాలు, ఈమెకి పక్కకి పాకింది కాబట్టి మొత్తం తీయాల్సి వచ్చింది, తర్వాత రేడియో అయోడిన్ పనిచేయాలన్నా మామూలు థైరాయిడ్ మిగలకూడదు. నాలుగు గంటలు పట్టింది. 26 లింఫ్ గ్రంథుల్లో ఐదింటిలో జబ్బు ఉంది.

బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్లు అనే గ్రంథులు నాలుగు థైరాయిడ్ వెనక అతుక్కుని ఉంటాయి, రంగు కాస్త పసుపు కలిసిన గోధుమ. రక్తంలో కాల్షియం వాటి చేతిలో ఉంటుంది. మూడింటిని రక్తనాళంతో సహా కాపాడగలిగాం, నాలుగోది నల్లబడింది, దాన్ని చిన్న ముక్కలు చేసి మెడ కండరంలో నాటాం.

మూడో రోజు ఇంటికి పంపాను. నాలుగో రోజు తెల్లవారుజామున ఫోన్. వేళ్ళు తిమ్మిరి, మూతి చుట్టూ చీమలు పాకినట్టుంది, లేసు సూది పట్టుకుందామంటే వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోతున్నాయట. వెంటనే రమ్మన్నాను. కాల్షియం 7.1కి పడిపోయింది. నరంలోంచి కాల్షియం ఎక్కించాం, గుండె మానిటర్ చూస్తూ మెల్లగా. గంటలో వేళ్ళు విచ్చుకున్నాయి. మాత్రలు వేసుకున్నావా అమ్మా అంటే, "ఎముకల బలానికిచ్చారేమో, తర్వాత కొనుక్కోవచ్చులే అనుకున్నానండి" అంది. యాంటీబయాటిక్, నొప్పి మాత్ర మాత్రం టైముకి వేసుకుంది. ఆమె తప్పు ఏముంది, చీటీలో రాశాను కానీ ఎందుకో చెప్పలేదు, డిశ్చార్జి రోజు నేను థియేటర్లో ఉన్నాను, కాగితం చేతికిచ్చి పంపేశాం. అప్పటినుంచి థైరాయిడ్ మొత్తం తీసిన ప్రతి మనిషికీ నేనే కూర్చుని చెప్తాను: ఈ కాల్షియం మాత్ర బలానికి కాదు, ఇది మానేస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి, తిమ్మిరి మొదలైతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యండి. ఆరు వారాలకి ఆమె పారాథైరాయిడ్లు కోలుకున్నాయి, కాల్షియం మెల్లగా ఆపేశాం. గొంతు మూడు వారాలు అలిసినట్టుంది, తర్వాత మామూలైంది.

బయాప్సీ వచ్చాక స్టేజి ఒకటి అని రాస్తే భర్త నమ్మలేదు. మెడకి పాకింది అన్నారు కదా, ఒకటో స్టేజి ఎలా అవుతుంది? ఈ క్యాన్సర్‌లో స్టేజికి వయసు కూడా లెక్కే. 55 ఏళ్ళ లోపు వాళ్ళకి మెడ గ్రంథులకి పాకినా, ఊపిరితిత్తులూ ఎముకలూ లాంటి దూరపు చోట్లకి పోకపోతే అది స్టేజి ఒకటే, ఎందుకంటే ప్రాణానికి ముప్పు అంత తక్కువ. మళ్ళీ తిరగబెట్టే వీలు ఎంతో స్టేజి చెప్పదు, దానికి వేరే అంచనా ఉంటుంది, అందులో ఈమెది మధ్యరకం.

రొయ్య లేని రెండు వారాలు

రేడియో అయోడిన్‌కి హైదరాబాద్ పంపాను. థైరాయిడ్ కణాలకి అయోడిన్ అంటే ఆకలి, ఆ ఆకలినే వాడుకుని రేడియోధార్మిక అయోడిన్ తాగించి మిగిలిన కణాల్ని లోపలినుంచి నాశనం చేస్తారు. ముందు వాటిని బాగా ఆకలితో ఉంచాలి. అందుకే థైరాయిడ్ తీసేశాక దాని హార్మోన్ బదులు రోజూ వేసుకునే థైరాక్సిన్ మాత్ర కొన్ని వారాలు ఆపి టీఎస్‌హెచ్ 30 దాటేదాకా ఆగాలి, రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినాలి. నిజంగా కష్టపెట్టింది ఇదే. చేప, రొయ్య, పీత, ఎండుచేప లేని ఇల్లు కాదది, పొద్దున్న కూరలో లేకపోతే సాయంత్రం పులుసులో ఉంటుంది. అవన్నీ బంద్. అయోడిన్ ఉప్పు బంద్, పాలు, పెరుగు, గుడ్డు పచ్చసొన, బేకరీ తిండి బంద్. అయోడిన్ కలపని ఉప్పు తెప్పించుకోమని, బయటి పచ్చళ్ళు ముట్టుకోవద్దని రాసిచ్చాను. అన్నం, కందిపప్పు, బీరకాయ, ఆనపకాయ, అరటికాయ, కొబ్బరి, పళ్ళు ఎంతైనా తినొచ్చు. థైరాక్సిన్ ఆగడంతో మొహం ఉబ్బి, నీరసంగా, ఎండలో కూడా చలిగా ఉండేదట. అత్తగారు ఆ రెండు వారాలు కోడలికి వేరే పొయ్యి మీద వేరే గిన్నెలో వండింది, ఇంట్లో మిగతావాళ్ళకి కూడా చేపలు తేనివ్వలేదు.

గర్భం లేదని పరీక్ష చేశాక ఆ అయోడిన్ 100 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతకి కొలత) ఇచ్చారు. మన దేశంలో 30 దాటితే విడిగా కట్టిన గదిలో ఒక్కళ్ళే ఉండాలి, ఒంటి నుంచి వచ్చే రేడియేషన్ తగ్గేదాకా. నీళ్ళు బాగా తాగమని, నిమ్మ చప్పరిస్తూ లాలాజల గ్రంథుల్ని కాపాడుకోమని చెప్పారు. ఇంటికొచ్చాక కూడా కొన్ని రోజులు పాపని అమ్మమ్మగారింట్లోనే ఉంచారు. ఆ అయోడిన్ ఎనిమిది రోజులకి సగం అవుతుంది, ఒంట్లోంచి అంతకంటే తొందరగా బయటికి పోతుంది. తర్వాత తీసిన ఒళ్ళంతటి స్కాన్‌లో మెడలో మాత్రమే కాస్త మెరుపు ఉంది, ఊపిరితిత్తులు శుభ్రం.

ఇప్పుడు

థైరాక్సిన్ పరగడుపున, నీళ్ళతోనే, కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకుంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఈ ఒక్క మాట తెలియక మోతాదు పెంచుకుంటూ పోయిన రోగులు నా దగ్గర ఉన్నారు. మొదటి ఏడాది టీఎస్‌హెచ్‌ని అర కంటే కిందే ఉంచాం, మిగిలిన కణాలేవైనా ఉంటే వాటికి పెరిగే సంకేతం అందకుండా. ఏడాదికి థైరోగ్లోబ్యులిన్ 0.2 కంటే తక్కువ, దాన్ని తప్పుదోవ పట్టించే యాంటీబాడీలు లేవు, మెడ స్కాన్ శుభ్రం. అప్పుడు మోతాదు కాస్త తగ్గించాం.

ఆమెకి జరిగింది తెలిసి ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు వరసగా మెడ స్కాన్‌కి వచ్చారు, గడ్డ లేకుండానే. వాళ్ళని స్కాన్ చేయకుండా వెనక్కి పంపాను. దక్షిణ కొరియాలో 1999 నుంచి మామూలు ఆరోగ్య పరీక్షల్లో మెడ స్కాన్ కూడా చేయడం మొదలుపెడితే 2011కల్లా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, చావులు మాత్రం తగ్గలేదు. ఎప్పటికీ బాధపెట్టని చిన్న చిన్న వాటిని వెతికి వేలమందికి గొంతు కోశారు. గడ్డ చేతికి తగిలితే, గొంతు బొంగురు నెల దాటితే, మింగడం కష్టమైతే, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉంటే రండి, తప్పకుండా చూస్తాను.

అయోడిన్ ఇచ్చాక ఏడాది ఆగమన్నాను, రెండో బిడ్డ కోసం. ఇప్పుడు ఆమెకి ఐదో నెల. గర్భంలో థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది, అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే మోతాదు పెంచి, నెల నెలా పరీక్ష చేయిస్తున్నాం. ఐరన్ మాత్రలు రాత్రికి మార్చాం. మొన్న శనివారం రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది, టీఎస్‌హెచ్ 1.1 ఉంది. అదే మోతాదు కొనసాగించమ్మా అని రాశాను. కింద ఇంకో ఫొటో ఉంది, వాళ్ళ ఆడపడుచు మెడ, ఎడమ పక్కన చిన్న ఉబ్బు. "టెస్టు నార్మల్ అన్నారంటండి, సూది పెట్టించుకోమని సోమవారం తీసుకొస్తన్నాను" అని రాసింది.